గరుకు సిమెంటులో అందమెక్కడ?

ప్రశ్న: బెంగాల్‌లోని శాంతినికేతన్ కళాభవన్ (లలితకళల విద్యాలయం) ఆవరణలో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంథాల్ కుటుంబం' చూశాను; సంథాలులు అక్కడి గిరిజనులు. ఒళ్లంతా గులకరాళ్లు తేలిన ఆ శిల్పం, ఆళ్లగడ్డ విగ్రహాల నునుపుకు అలవాటుపడిన నా కంటికి సగంలో ఆపేసిన పనిలా తోచింది. దాని గొప్పతనం ఏమిటో ఎవరైనా వివరించగలరా?

జవాబు 1: ఆ గరుకుదనం చేతకానితనం కాదండీ. కంచు పోత పోయించే స్తోమత లేక, ఆ నేలలోనే దొరికే ఎర్ర మొరం గులకను సిమెంటులో కలిపి, చట్రం మీదికి విసిరి మెత్తుతూ, పూర్తిగా గట్టిపడకముందే చెక్కుతూ ఆయన రూపం తెచ్చారు. తండ్రి భుజాన కావడి, ఒక బుట్టలో బిడ్డ, పక్కనే నడిచే కుక్క! దేవుళ్లకూ దొరలకూ దక్కే నిలువెత్తుకు మించిన పరిమాణం పనికోసం తరలిపోయే కూలీలకు దక్కింది.

జవాబు 2: ఒప్పుకుంటాను గానీ, అర్థం కాకపోవడం చూసేవారి లోపమేనంటే అంగీకరించను. ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందు ఆయనే చెక్కిన యక్షిణి నగ్నత్వంపై రాజ్యసభలోనే ప్రశ్న లేచింది. మన ప్రాచీన ఆలయాల గోడల నిండా అటువంటి రూపాలున్నా, వాటిని చూడటం మనకు బడిలో ఎవరూ నేర్పలేదు.

ప్రశ్న అడిగినవారు: కావడి బుట్టలోని బిడ్డను నేను గమనించనే లేదు. తీసిన ఫొటోల్లో ఇప్పుడే వెతుకుతున్నాను.