అమ్మను తిరుమలకు తీసుకెళ్ళడానికి: బెంజ్ ఈ-క్లాసా, బీఎండబ్ల్యూ 5 సిరీసా?

ప్రశ్న (చిత్తూరు, మామిడి గుజ్జు వ్యాపారం)

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా వాడుతున్న కారును ఈ ఏడాది మార్చాలని నిర్ణయించుకుని, మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్ దగ్గరకు వచ్చి ఆగిపోయాను. ఇప్పుడున్న తరం కార్లు రెండూ 2024లో, పొడవు పెంచిన రూపంలోనే మన దేశానికి వచ్చాయి. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) బెంజ్‌ది 3094 మిల్లీమీటర్లు, బీఎండబ్ల్యూది 3105. కాగితం మీద ఈ అంకెలు చూసి నేను ఏ నిర్ణయానికీ రాలేకపోతున్నాను.

నా వాడకం ఇది: నెలకు రెండు మూడుసార్లు నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై, ఒకసారి పలమనేరు, ముళబాగల్ మీదుగా బెంగళూరు, ప్రతి నెలా అమ్మతో తిరుమల. తోటలకు జీపు వేరే ఉంది కనుక ఈ కారును మట్టి దారుల్లోకి దించను. చెన్నై, బెంగళూరు ప్రయాణాల్లో నేనే నడుపుతాను; అమ్మ వచ్చే రోజున మాత్రం డ్రైవరు ఉంటాడు.

అసలు విషయం అమ్మదే. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కారెక్కేటప్పుడు ముందుగా బయటివైపు తిరిగి సీటు అంచున కూర్చుంటుంది, తర్వాత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్క కాలినీ ఎత్తి లోపల పెట్టుకుంటుంది. చిత్తూరు నుంచి అలిపిరి చేరేసరికి నడుము పట్టేస్తుంది. ఆమెకు ఏది సుఖం, నాకు ఏది మేలు అన్నది వాడినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

సమాధానం 1 (తిరుపతి, ట్రావెల్స్ యజమాని)

అయ్యా, ఇరవై రెండేళ్ళుగా కొండ మీదికి బండ్లు పంపిస్తున్నాను, నేనూ నడుపుతాను. బీఎండబ్ల్యూ 5 సిరీస్ రకమైన 530 ఎల్ఐలో 258 హార్స్‌పవర్ల పెట్రోల్ ఇంజన్ ఉంది. బెంజ్ ఈ-క్లాస్ ఈ 220డీ డీజిల్‌కు 197 హార్స్‌పవర్లే అయినా 440 న్యూటన్‌మీటర్ల లాగుడు ఉంది. చెన్నై రోడ్డు మీద లారీని దాటేటప్పుడు మొదటిదాని చురుకు తెలుస్తుంది, స్టీరింగ్ చేతిలో నిలిచే తీరులో కూడా అదే ముందుంటుందని నా అభిప్రాయం. కానీ కొండ మీద ఆ బలం వల్ల కలిగే లాభం ఏమీ లేదు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో పైకి వెళ్ళడానికి కనీసం 28 నిమిషాలు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది నిబంధన. అంతకంటే ముందుగా చేరితే జరిమానా కట్టాలి. కాబట్టి గుర్రపు బలాన్ని లెక్కలోంచి తీసేసి, మెలికల్లో వెనుక కూర్చున్న మనిషి ఎంత ఊగుతోందో చూసుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా గేరు తగ్గించి దిగమని మీ డ్రైవరుకు గట్టిగా చెప్పండి. అమ్మగారి నడుముకు కారు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

వెనుక సీటు సంగతికి వస్తే నాకు సందేహం లేదు. ఈ-క్లాస్‌లో వెనుక సీటు వీపు మీటతో 36 డిగ్రీల వరకు వాలుతుంది, తొడల కింది భాగం ముందుకు జరుగుతుంది, ఎడమవైపు ముందు సీటును వెనుక నుంచే ముందుకు జరపవచ్చు. 530 ఎల్ఐ వెనుక సీటు విశాలమైనదే, మెత్తనిదే, కానీ వాలదు. మోకాళ్ళు అరిగినవారికి కాళ్ళు చాపుకునే చోటు కన్నా తొడల కింద ఆనిక ముఖ్యం. అది లేకపోతే బరువంతా నడుము మీద పడుతుంది.

సమాధానం 2 (పలమనేరు)

పై మిత్రుడు చెప్పిన దానితో ఏకీభవిస్తూ రెండు విషయాలు కలుపుతాను. నా దగ్గర ఇంతకు ముందు ఉన్న ఖరీదైన కారుకు (కంపెనీ పేరు ఇక్కడ అనవసరం) స్టెప్నీ ఇవ్వలేదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్నాయి కదా అన్నారు. అలాంటి టైరులో గాలి పోయినా కొంత దూరం నెమ్మదిగా నడపవచ్చన్నది నిజమే. అయితే రాత్రి పదకొండు గంటలకు కంకర మొన తగిలి పక్క గోడ నిలువునా చీలిపోతే, పంక్చరు వేసేవాడు ఏమీ చేయలేకపోయాడు, ఆ కొలత టైరు చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. మా ఆవిడ, పిల్లలు తెల్లవారే వరకు బంకులో కూర్చున్నారు. అందుకే షోరూంలో సీటు కంటే ముందు డిక్కీ తెరిపించి, స్టెప్నీ ఉందో లేదో కళ్ళారా చూడండి. రాత్రిపూట కుటుంబంతో తిరిగే మనకు ఇది చిన్న విషయం కాదు.

రెండోది పొడవు. బీఎండబ్ల్యూ 5165 మిల్లీమీటర్లు, బెంజ్ 5092. చిత్తూరు పాత వీధుల్లో ఇల్లయితే షెడ్డును టేపుతో కొలవండి. చక్రాల మధ్య దూరం పెరిగినకొద్దీ స్పీడ్ బ్రేకర్ మీద కారు నడిమి భాగం తగిలే అవకాశం పెరుగుతుంది. ఊళ్ళవాళ్ళు వేసుకున్న ఎత్తైన బ్రేకర్ల మీద నలుగురిని ఎక్కించుకుని టెస్ట్ డ్రైవ్ చేయనిదే డబ్బు కట్టకండి.

సమాధానం 3 (తిరుపతి, ఆడిటర్)

ధర గురించి క్లుప్తంగా. విడుదలైనప్పుడు ఎక్స్‌షోరూం ధర 530 ఎల్ఐకి 72.9 లక్షలు, బెంజ్ పెట్రోల్ రకం ఈ 200కు 78.5 లక్షలు, ఈ 220డీకి 81.5 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద కార్ల మీద సెస్సుతో కలిపి 48 శాతం ఉన్న పన్ను 40 శాతానికి తగ్గింది కాబట్టి, పాత ధరల పట్టిక పట్టుకుని బేరం చేయవద్దు. సంస్థ పేరున కొన్నా జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని వ్యాపారపు జీఎస్టీలో తగ్గించుకునే వీలు) రాదు. ఆదాయపన్ను లెక్కలో ఏటా 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. బిల్లు మీద ఆదాయపన్ను కింద ముందుగా వసూలు చేసే ఒక శాతం టీసీఎస్‌ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవడం చాలామంది మరచిపోతారు. లైఫ్ ట్యాక్స్ మిగులుతుందని వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించమని ఎవరైనా చెబితే వినకండి. పన్నెండు నెలలు దాటి ఇక్కడ వాడితే ఇక్కడి నంబరు తీసుకోక తప్పదు, పన్నూ తప్పదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మను చెన్నై తీసుకెళ్ళి రెండు షోరూంలలోనూ కూర్చోబెట్టాను. 530 ఎల్ఐని నేను అరగంట నడిపాను. నా ఒక్కడి కోసమే అయితే అక్కడే అడ్వాన్సు ఇచ్చి ఉండేవాణ్ణి. అందులో అమ్మ చేతిసంచీని నడుము వెనుక పెట్టుకుని కూర్చుంది. ఈ-క్లాస్‌లో సీటు వాల్చి, తొడల కింది భాగాన్ని ముందుకు జరిపాక, సంచీ తీసి పక్కన పెట్టి, కొంతసేపటికి కళ్ళు మూసుకుంది. డిక్కీ తెరిపించి చూశాను, షెడ్డు కూడా కొలిచాను. గోడకు, బంపరుకు మధ్య జానెడు చోటు మిగులుతుంది. దూర ప్రయాణాలే ఎక్కువ కనుక డీజిల్ బెంజ్ ఈ 220డీ తీసుకుంటున్నాను. వచ్చే శుక్రవారం ఆ కారునే కాణిపాకం దారిలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నడిపి చూసి, కింద ఎక్కడా తగలకపోతే మిగతా డబ్బు కడతాను.