ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ లైబ్రరీకెళ్తే ఉద్యోగానికి పనికొస్తుందా?

గజపతి కుర్రాడు: డిగ్రీ అయి ఏడాదైంది, ఇంట్లో రోజూ క్లాసే. చదివింది తెలుగు మీడియం, ఒడియా మాట్లాడతా గానీ రాయడం అంతంతమాత్రం. బరంపురం వెళ్లి కోచింగ్ తీసుకునేంత డబ్బుల్లేవు. లైబ్రరీలో కూర్చుంటే ఉపయోగం ఉంటదా, లేక తాతలు పేపర్ చదువుకోడానికేనా?

పాతపట్నం అక్క: తమ్ముడూ, ఆ తాతల బెంచీ మీదే నేనూ మొదలెట్టాను. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ అని ఉద్యోగ ప్రకటనల పేపర్ వారానికోసారి వస్తది, ఎవరూ పట్టుకోకముందే వెళ్లి లాస్ట్ డేట్లన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకునేదాన్ని, ఫ్యాను కింద కుర్చీ దొరికితే ఆ రోజు పండగే. ఎస్సెస్సీ జీడీ చూడు, అంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష, 2024 నుంచి పేపర్ తెలుగులోనూ ఒడియాలోనూ ఇస్తున్నారు, పదో తరగతి చాలు. వయసు మాత్రం చూస్కో.

రాయగడ బాబాయ్: ఒడిశా గవర్నమెంటు పోస్టులకి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసవ్వాలని అడుగుతారు, అది చూడకుండా అప్లై చేసి నేను వెరిఫికేషన్‌లో ఆగిపోయాను. లైబ్రరీలో చిన్నపిల్లల ఒడియా వాచకాలు తీసి రోజుకో పేజీ రాయి, సిగ్గుపడకు.

నెట్ బాధితుడు: ఫొటో సైజు తగ్గించి అప్లోడ్ చేసినందుకు ఒక నెట్ సెంటర్‌వాడు 200 గుంజాడు! లైబ్రరీలో కంప్యూటరుందేమో ముందు అడుగు. నేషనల్ కెరీర్ సర్వీస్ అని కేంద్రం వాళ్ల ఉద్యోగాల పోర్టల్లో రిజిస్ట్రేషన్ కూడా ఫ్రీయే.

గజపతి కుర్రాడు: థాంక్స్ అక్కా, బాబాయ్. రేపే వెళ్తా. మరి మెంబర్‌షిప్ లేకుండా కూర్చోనిస్తారా?

పాతపట్నం అక్క: మా దగ్గర చదువుకోడానికి ఎవరూ ఏమనరు, పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలంటేనే డిపాజిట్.