కారు చౌడును ‘ఉప్పు నేల’ అనవచ్చా?

ప్రశ్న: వరి నారు మీద ఒక పరిశోధన వ్యాసాన్ని తెలుగులో రాస్తున్నాను. క్షార నేలను తట్టుకునే జన్యువుల గురించి. ‘క్షార సహనం’ అంటే మరీ నిఘంటువు వాసన కొడుతోంది. ‘ఉప్పు నేలను తట్టుకునే వరి’ అని రాసేస్తే తప్పా?

జవాబు: తప్పేనండి. రెండూ వేరు నేలలు, రెండిటికీ మనకు మాటలున్నాయి: ఉప్పు నేల పాల చౌడు, క్షార నేల కారు చౌడు. పాల చౌడులో కరిగే లవణాలు ఎక్కువ, ఎండితే పైన తెల్లగా పొర కడుతుంది, పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. కారు చౌడులో కరిగే లవణాలు తక్కువే. మట్టి రేణువులను పట్టుకున్న సోడియంతోనే పేచీ. సోడియం కార్బొనేటు, బైకార్బొనేటుల వల్ల పీహెచ్ 8.5 దాటి, ఒక్కోచోట 10 దాకా పోతుంది. ఆ క్షారానికి మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి, నీటితో పైకొచ్చి నల్లటి మరకలుగా ఎండుతుంది. కారుచీకటిలో, కారుమబ్బులో ఉన్న కారే ఇదీ.

మరొకరు: నలుపు కాదేమోనండీ. క్షారమే మన నోట్లో కారం అయింది కదా, కారు చౌడు అంటే క్షారపు చౌడే అనుకుంటున్నా.

జవాబు: కుదరకపోదు. కానీ పక్కనే ‘పాల’ ఉంది చూడండి. ఒకదానికి రంగు చూసి పేరు పెట్టినవాళ్ళు రెండోదానికి సంస్కృతం వెతుక్కున్నారంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఎలా చూసినా ఆ మాట ఏ నేలను చెబుతుందో అందులో తేడా లేదు.

ఈ తేడా మొక్కలోనూ కనిపిస్తుంది. ఉప్పు ఎక్కువైతే ముందు ముదురాకుల కొనలు మాడతాయి. ఆకుల్లోకి చేరే సోడియం అక్కడే ఎక్కువగా పోగుపడుతుంది కాబట్టి. కారు చౌడులో సోడియం బాధకు తోడు ఇనుము, జింకు, భాస్వరం మట్టిలో ఉన్నా వేళ్ళకు సరిగ్గా అందవు. ఇనుము చాలకపోతే లేతాకులు ఈనెల మధ్య పసుపెక్కి, ముదిరితే తెల్లబోతాయి. అందుకే జన్యువులూ ఒకటే కావు. నోనా బొక్రా అనే వరి రకం నుంచి 2005లో వేరుచేసిన ఎస్‌కేసీ1 జన్యువు, పైకి పోయే సోడియాన్ని దారిలోనే వెనక్కి లాగుతుంది. ఉప్పుకి అది గొప్ప ఆసరా, ఇనుము అందకపోవడానికి అది మందు కాదు. ఆ రెండో బాధకు ఇంకో దారి పట్టారు. బార్లీ వేళ్ళు ఇనుమును పట్టి తెచ్చే పదార్థాలను బాగా వదులుతాయి. వాటి తయారీకి కావలసిన బార్లీ జన్యువులను వరిలో పెడితే, ఇనుము అందని క్షార నేలను మొక్క మెరుగ్గా తట్టుకుందని 2001లో చూపించారు. రెంటినీ ‘ఉప్పు’లో కలిపేస్తే ఈ కథంతా పోతుంది.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది. అయితే ‘కారు చౌడును తట్టుకునే జన్యువు’ అని రాస్తాను.

జవాబు: అక్కడా ఒక చిక్కుంది. మీ వ్యాసంలో ఏటీ1 ఉందా? క్షార సహనం అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే ఆ పేరు. 2023లో జొన్నలో బయటపెట్టారు. వరిలో దానికి సాటి వచ్చేది జీఎస్3, గింజ పొడవు విషయంలో ముందే పేరున్న జన్యువు. పేరు చూసి సాయం చేస్తుందనుకుంటాం, చేసేది అడ్డు. క్షార ఒత్తిడిలో కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడు పోగుపడుతుంది. దాన్ని బయటికి పంపే పొర ద్వారాలను ఈ జన్యువు తయారుచేసే ప్రొటీను బిగించేస్తుంది. జన్యువును పనిచేయకుండా చేస్తే మొక్క బాగా తట్టుకుంటుంది. వరిలో 2014లో చెప్పిన ఏఎల్‌టీ1దీ ఇదే వరస, అది పాడైన మొక్కే తట్టుకుంది. జన్యువుకు చాలాసార్లు అది చెడిపోతే ఏమవుతుందో చూసి పేరు పెడతారు. కాబట్టి ‘తట్టుకునే శక్తిని అదుపు చేసే జన్యువు’ అనండి, పొడవైనా అబద్ధం కాదు. ‘నిరోధక’ మాత్రం వద్దు, అది తెగుళ్ళకీ పురుగులకీ అలవాటైన మాట.

మరొకరు: మరి మొలక అనాలా, నారు అనాలా?

జవాబు: పద్ధతుల భాగం చూసి తేల్చుకోండి. గింజ పగిలి వేరు, మొలక ఎంత సాగాయో కొలిస్తే మొలక. రెండు మూడు ఆకులు వచ్చాక పోషక ద్రావణంలో సోడియం కార్బొనేటు కలిపి పరీక్షిస్తే నారు. ఈ రెండో రకంలో ఆకులు చూసి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తుంటారు. 1 అంటే దాదాపు మామూలుగా ఎదుగుతోందని, 9 అంటే చచ్చిందనో చావబోతోందనో. ‘ఎక్కువ మార్కులొచ్చిన రకం’ అని రాశారో, చదివేవాళ్ళు చచ్చిన నారునే మేలు రకం అనుకుంటారు.