సమస్యాపూరణం: “వైద్యునకు వైద్యమే లేదు వసుధయందు”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. గ్రీకు పురాణంలోని కైరాన్ కథతో పూరించాలి. పాశ్చాత్య జ్యోతిషంలో మనిషి తనను తాను చూసుకోవడానికి ఆ కథ ఎలా పనికొస్తుందో కూడా పద్యంలో తగలాలి.

కథ తెలియనివారికి నాలుగు ముక్కలు. కైరాన్ సగం మనిషి, సగం గుర్రం. తండ్రి క్రోనస్, రోమన్లు శాటర్న్ అని కొలిచిన దేవుడు. బిడ్డ రూపం చూసి తల్లి ఫిలైరా తట్టుకోలేక వాణ్ణి వదిలేసి చెట్టుగా మారిపోయింది. ఆ బిడ్డే పెరిగి పీలియన్ కొండ మీది గుహలో అకిలీజ్‌కీ, జేసన్‌కీ, వైద్యదేవుడు అస్క్లీపియస్‌కీ గురువయ్యాడు. హెరాక్లీస్ వేసిన బాణం గురితప్పి అతని మోకాలికి తగిలింది. బాణానికి హైడ్రా అనే విషసర్పం నెత్తురు పూసి ఉంది కాబట్టి పుండు మానదు, అమరుడు కాబట్టి ప్రాణం పోదు. చివరికి మనుషులకు అగ్ని తెచ్చిన ప్రొమీథియస్ కోసం తన అమరత్వాన్నే వదులుకున్నాడు.

1977లో చార్ల్స్ కోవల్ పాలోమార్ వేధశాలలో ఓ చిన్న గోళాన్ని కనిపెట్టి దానికి ఈ పేరు సూచించాడు. అది ఎక్కువగా శని, యురేనస్ కక్ష్యల మధ్య, అంటే తండ్రికీ తాతకీ మధ్య తిరుగుతుంది. ఒక చుట్టుకు సుమారు 50 ఏళ్లు. అందుకే యాభై దాటే వేళకు పాత గాయం మళ్లీ తలుపు తడుతుందని ఆ జ్యోతిష్కులు అంటారు.

పూరణ 1 (గుంటూరు సభ్యుడు):

హైడ్ర విషమున దడిసిన యమ్ము తాకి
కాలు రగిలెను, కైరాను కనలిపోయె;
ఎల్ల రోగములను మాన్ప నెరిగినట్టి
వైద్యునకు వైద్యమే లేదు వసుధయందు

నిర్వాహకుడు: ధార బాగుంది. మొదటి పాదంలో ‘హై’కి ‘అమ్ము’లోని అకారంతో యతి చక్కగా కుదిరింది. కానీ కథ చెప్పి ఊరుకున్నారు. చదివేవాడు తన జాతకం వైపు తిరిగే చోటు ఇందులో లేదు.

పూరణ 2 (హైదరాబాద్ సభ్యురాలు):

ఊరి జాతకములు చూచి యూరడించి
తనది విప్పగ చేతులు తడబడంగ
గాయమున్న గృహము జూడ గలత జెందు
వైద్యునకు వైద్యమే లేదు వసుధయందు

గుంటూరు సభ్యుడు: అమ్మా, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. పదిమందికి ధైర్యం చెప్పే మనిషి తన చక్రం ముందు పెట్టుకుంటే చేతులు వణకడం... ఇది నేను కళ్లారా చూసిన టెన్షన్.

నిర్వాహకుడు: నాకూ అదే నచ్చింది. ‘గృహము’ అనడం ఇంకా మంచి పని. కైరాన్ కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తం. కొన్ని రాశుల్లో ఏడెనిమిదేళ్లు ఉంటాడు, కొన్నిట్లో రెండేళ్ల లోపే దాటిపోతాడు. రాశి ఒక్కటే చూస్తే ఒక బడి పిల్లలందరిదీ ఒకే గాయం అనాల్సి వస్తుంది. ఏ ఇంట్లో ఉన్నాడో చూస్తేనే అది ఒక మనిషి కథ అవుతుంది. నాలుగో ఇల్లు అనుకోండి, అమ్మ, పుట్టిల్లు, ఫిలైరా గుర్తుకొస్తాయి.

విశాఖ సభ్యుడు: మన కేతువుతో పోల్చి రాయవచ్చా?

నిర్వాహకుడు: వద్దండీ. కైరాన్‌కు మన నవగ్రహాల లెక్కలో చోటు లేదు. రెండు పద్ధతులనూ కలిపేస్తే రెండిటికీ అన్యాయమే.

పూరణ 3 (విశాఖ సభ్యుడు):

తల్లి విడిచిన పసివాడు పెద్ద యయ్యె
పరుల బిడ్డల కెల్లను, పాత నొప్పి
మందుగా మారె, దానికి మారుగాను
వైద్యునకు వైద్యమే లేదు వసుధయందు

నిర్వాహకుడు: భావంలో ఇప్పటిదాకా ఇదే మేటి. సమస్యలోని నిరాశను తిప్పేశారు. ఆ నొప్పే అతని మందు, అంతకు మించిన వైద్యం ఇంకోటి లేదన్నారు. జాతకంలో కైరాన్ ఫలానా చోట ఉంటే ఫలానా కష్టం తప్పదని భయపెట్టేవాళ్లంటే నాకు గిట్టదు. నీకు ఎక్కడ నొప్పి, అది నీకేం నేర్పింది, దాంతో ఎవరికి సాయపడ్డావు అని అడిగించడానికే ఆ కథ. మీ పద్యం ఆ మూడూ అడిగింది.

మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. ‘త’కు ‘పె’తో మైత్రి లేదు. “తల్లి విడిచిన పసివాడు తండ్రి యయ్యె” అంటే యతీ సరిపోతుంది, అర్థమూ పెరుగుతుంది.

హైదరాబాద్ సభ్యురాలు: ఆ ఒక్క మాటతో పద్యం బరువే మారిపోయింది.

పూరణ 4 (డల్లాస్ సభ్యుడు):

అగ్ని దెచ్చిన వానికై యసువు లొసగి
నింగి తారల నిలిచెను నేటి వరకు;
నొప్పి చల్లారె నట జేరి, ఒప్పుకొనుడు,
వైద్యునకు వైద్యమే లేదు వసుధయందు

విశాఖ సభ్యుడు: ‘వసుధయందు’ను మేమంతా పాదపూరణంగా వదిలేశాం. మీరు దాని మీదే పద్యం నిలబెట్టారు. భూమ్మీద లేదు, ఆకాశంలో ఉంది! మూడో పాదంలో ప్రాసయతి (యతికి బదులు ‘నొప్పి’, ‘ఒప్పు’ల్లా రెండో అక్షరాలు కలవడం) కూడా ఒదిగింది.

నిర్వాహకుడు: నిజమే, సెంటారస్ నక్షత్రమండలం అతనిదేనన్న కథ ఉంది. మరి ఆత్మపరిశీలన ఎక్కడ?

డల్లాస్ సభ్యుడు: అమరత్వం వదులుకోవడంలో ఉందండీ. నేను అందరికీ వైద్యుణ్ణి, నాకేమీ కాకూడదు అన్న పట్టుదలను వదిలినప్పుడే అతని బాధ తీరింది. నర్సుగా పనిచేసే మా ఆవిడకు ఈ కథ చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

నిర్వాహకుడు: ఒప్పుకున్నాను. ఆ ముక్క మూడో పాదంలోకి తెచ్చి మళ్లీ పంపండి, ఎదురుచూస్తాం. వచ్చే వారం సమస్య: “చావు లేనట్టివాడు తా చావు కోరె”. ఈసారి అశ్వత్థామను తెచ్చినా సరే.