టోపీ దొంగిలించిన చిన్న చేప కథను రెండో తరగతి పిల్లలకు చదివి వినిపించవచ్చా?

విజయనగరం, పిల్లల గ్రంథాలయ నిర్వాహకురాలు:
మా ఆదివారం కథల వేళ కోసం ఎంచుకున్న పుస్తకాలలో కెనడా చిత్రకారుడు, రచయిత జాన్ క్లాసెన్ 2012లో వెలువరించిన ‘దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్’ ఒకటి. నిద్రపోతున్న పెద్ద చేప నెత్తిమీది చిన్న టోపీని ఒక చిన్న చేప ఎత్తుకుపోతూ, అది ఇప్పట్లో లేవదని, లేచినా టోపీ సంగతి గమనించదని, గమనించినా తన జాడ తెలియదని మనతో చెబుతూ ఉంటుంది; బొమ్మల్లో మాత్రం పెద్ద చేప కళ్ళు తెరిచి, టోపీ పోయిందని గ్రహించి, వెంబడిస్తూనే ఉంటుంది. దారిలో చూసిన పీత ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి, పెద్ద చేప రాగానే దారి చూపించేస్తుంది. చివరకు రెండు చేపలూ గుబురుగా పెరిగిన నీటిమొక్కల్లోకి వెళతాయి, టోపీ పెట్టుకుని పెద్ద చేప ఒక్కటే బయటికి వస్తుంది. లోపల ఏం జరిగిందో మాటల్లోనూ లేదు, బొమ్మల్లోనూ లేదు. ఈ పుస్తకానికి 2013లో అమెరికాలో కాల్డికాట్ పతకం, 2014లో బ్రిటన్‌లో కేట్ గ్రీనవే పతకం లభించాయి. అయినా ఇది ఈ వయసు పిల్లలకు తగదని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

బొబ్బిలి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
తగదనే నా అభిప్రాయం. దొంగతనం తప్పని చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు, కాని తప్పుకూ శిక్షకూ మధ్య ఒక కొలత ఉండాలి. తోటలో రెండు మామిడికాయలు కోసినందుకు పిల్లవాణ్ణి చెట్టుకు కట్టి కొట్టే పెద్దమనుషులను చూసినవాణ్ణి కాబట్టి, టోపీకి బదులుగా ప్రాణం పోయిందని సూచించి నవ్వించే కథను నేను తరగతిలో చదవలేను. పక్కవాడి పెన్సిలు తీసి సంచిలో దాచుకున్న ఏడేళ్ళ పిల్ల ఆ చివరి పుటలను ఎలా చూస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

విజయనగరం, న్యాయవాది:
మాస్టారు అడిగిన కొలత చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళలోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదు. 303వ సెక్షన్ ప్రకారం అయిదు వేల రూపాయల కన్నా తక్కువ విలువైన వస్తువును దొంగిలించి మొదటిసారి దోషిగా తేలినవారు దానిని తిరిగి ఇచ్చివేస్తే, వారికి పడే శిక్ష సమాజసేవ. అంటే మన చిన్న చేప టోపీ తిరిగి ఇచ్చి కొన్నాళ్ళు సముద్రగర్భం ఊడిస్తే సరిపోయేది.

కళింగపట్నం పాఠకుడు:
మాది వేటకు వెళ్ళే కుటుంబం. పెద్ద చేప కడుపు కోస్తే చిన్న చేపలు బయటపడటం మా పిల్లలు నిత్యం చూసేదే కనుక, ఆ ముగింపు చూసి వాళ్ళు జడుసుకుంటారని నేననుకోను. నా సందేహం వేరు. ఇందులో సొత్తు పోగొట్టుకున్నది బలవంతుడు కాబట్టి, ఎవరినీ అడగకుండా తానే వెళ్ళి తెచ్చుకోగలిగాడు. అదే పెద్ద చేప చిన్న చేప టోపీని లాక్కుని ఉంటే కథ రెండో పుటలోనే ముగిసిపోయేది. పెద్దలు దీనిని న్యాయమని మెచ్చుకుంటున్నారేమో కాని, మత్స్యన్యాయానికీ దీనికీ తేడా ఏమిటో నాకు బోధపడలేదు.

శ్రీకాకుళం, తెలుగు అధ్యాపకురాలు:
కళింగపట్నం వారి ప్రశ్న సరైనదే, కాని అది పుస్తకాన్ని పక్కన పెట్టడానికి కారణం కాదు, చదివి వినిపించడానికి కారణం. చీకటి కథలు మనకు కొత్తవా? చేపలను నమ్మించి ఒక్కొక్కటిగా మోసుకుపోయి తిన్న కొంగ మెడను పీత కత్తిరించే పంచతంత్ర కథను మనమే నవ్వుతూ చెబుతాం. ఏడు చేపల కథలో ఎండని చేప మొదలుకొని గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు వరుసగా తప్పును ఎదుటివారి మీదకు తోసుకుంటూ పోతే, చివరకు చీమ ఒక్కటే తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని నిలదీస్తుంది. ఈ పుస్తకంలో ఆ సాకులన్నీ ఒక్క నోటి నుంచే వస్తున్నాయి. దొంగతనం తప్పని తనకు తెలుసునని చిన్న చేపే ఒప్పుకుంటుంది, అయినా ఆ టోపీ పెద్ద చేపకు ఎలాగూ చిన్నదైపోయిందని, తనకు సరిగ్గా సరిపోయిందని సమర్థించుకుంటుంది. పెన్సిలు దాచుకున్న పిల్ల ఈ మాటలను వెంటనే గుర్తుపడుతుంది, ఎందుకంటే ఆమె మనసులో అనుకున్నవీ ఇవే.

ఇక ఈ పుస్తకపు అసలు బలం బొమ్మల్లో ఉంది. చదివే గొంతు ఒకటి చెబుతుంటే, నల్లని నీటి నేపథ్యంలో పెద్ద చేప కన్ను, దాదాపు అదొక్కటే, మారుతూ మరొకటి చెబుతుంది. చదవడం ఇంకా సరిగా రాని పిల్లలకు కూడా కథ చెబుతున్న చేప కన్నా తమకే ఎక్కువ తెలుసునన్న సంగతి అర్థమవుతుంది, వాళ్ళ నవ్వు అక్కడి నుంచే వస్తుంది. మాస్టారు ప్రాణం పోయిందన్నారు, కాని పుస్తకం ఆ మాట అనలేదు. టోపీ వదిలేసి పారిపోయిందని నమ్మే పిల్లలకూ అందులో చోటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పీత. చాడీలు చెప్పకూడదని పిల్లలకు మనమే చెబుతాం, దొంగతనం కంటపడితే దాచకూడదని కూడా మనమే చెబుతాం. చెప్పనని మాట ఇచ్చి, బలవంతుణ్ణి చూడగానే దారి చూపిన పీత మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నకు నీతి వాక్యం రాసి అతికించే వీలు లేదు, అందుకే ఈ పుస్తకం తరగతిలో ఉండాలి.

బొబ్బిలి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
మొక్కల లోపల ఏం జరిగిందన్నది పిల్లల ఊహకు వదిలేశారన్న మాటను కొంతవరకు అంగీకరిస్తాను. అయితే ఊహ అందరికీ ఒక్క తీరుగా సాగదు. ఇంట్లో దెబ్బలు తినే పిల్ల ఊహించేది టోపీ వదిలేసి పారిపోయిన చేపను కాదు. చదవాలనే నిర్ణయిస్తే, వెన్న దొంగిలించిన కృష్ణుణ్ణి యశోద రోటికి కట్టిన కథ కూడా అదే రోజు చెప్పండి. అక్కడా శిక్ష ఉంది, కాని శిక్షించిన చేతికి ప్రేమ ఉంది.

విజయనగరం, పిల్లల గ్రంథాలయ నిర్వాహకురాలు:
ఈ ఆదివారం రెండు కథలూ చెబుతాను. నీటిమొక్కల పుట దగ్గర ఆగి, ఏం జరిగి ఉంటుందో పిల్లలనే బొమ్మ గీయమంటాను, నేను మాత్రం ఏమీ చెప్పను. అభ్యంతరం తెలిపిన తల్లిదండ్రులను కూడా వచ్చి కూర్చోమని కోరాను. మాస్టారు కూడా వస్తే మేలు. ఎవరి బొమ్మలోనైనా భయం కనిపిస్తే నాకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

బొబ్బిలి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
వస్తానమ్మా. పీత గురించి అడిగితే మాత్రం జవాబు శ్రీకాకుళం అధ్యాపకురాలే చెప్పాలి.