అంతర్యుద్ధానికి కారణం అడిగితే ‘బానిసత్వం’ అన్న మాట ఎందుకు రాలేదు?

కృష్ణాతీరం (ప్రశ్న)

నమస్కారం. విజయవాడలో ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి విరమణ పొందినవాణ్ణి. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో ఉండటం వల్ల అక్కడి ఎన్నికల వార్తలు కాస్త ఎక్కువగానే చూస్తుంటాను. 2023 డిసెంబరు 27న న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని బెర్లిన్ అనే ఊళ్లో జరిగిన సభలో, రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న నిక్కీ హేలీని ఒక ఓటరు అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగారు. ప్రభుత్వం ఎలా నడవాలి, ప్రజల స్వేచ్ఛలేమిటి, ఎవరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నదే కారణమంటూ ఆమె మాట్లాడారు గానీ బానిసత్వం ఊసెత్తలేదు. ఆ మాట లేకుండా 2023లో ఇలాంటి జవాబు వినడం ఆశ్చర్యంగా ఉందని ఆయన అన్నప్పుడు, దాని గురించి నన్నేం చెప్పమంటారని ఎదురడిగి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మర్నాడు రేడియోలో మాత్రం యుద్ధం బానిసత్వం గురించేనని ఒప్పుకున్నారు.

ఆమె తెలియక అలా అన్నారనుకోవడానికి వీల్లేదు. ఆమె గవర్నరుగా పనిచేసిన సౌత్ కరోలినా 1860 డిసెంబరులో దేశం నుంచి విడిపోతూ ప్రకటించిన కారణాల పత్రంలో, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదన్న ఫిర్యాదు దాచకుండా రాసి ఉంది. పైగా 2015 జూన్‌లో చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో ఒక శ్వేతజాతి దురహంకారి తొమ్మిది మంది నల్లజాతీయులను కాల్చి చంపిన తరువాత, శాసనసభ ఆవరణలో ఎగురుతున్న కాన్ఫెడరేట్ జెండాను, అంటే ఆనాడు విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల జెండాను, దించే చట్టంపై సంతకం పెట్టింది ఈవిడే. జెండా దించగలిగిన మనిషి ఎనిమిదేళ్ల తరువాత ఒక్క మాట పలకలేకపోవడమేమిటి? ఓట్ల భయమని ఒక్క ముక్కలో తేల్చేయవద్దని మనవి. ఆ జవాబు నాకూ తెలుసు. అక్కడి రాజకీయాల్లో నిజం పలికినవారికి ఏం జరుగుతుందో దగ్గరగా గమనించినవారు చెప్పగలరా?

పాత పత్రిక

మాస్టారూ, మీ ప్రశ్నలోనే ఒక ఆధారం ఉంది. చార్ల్‌స్టన్‌లో చనిపోయినవారిలో పాస్టర్ క్లెమెంటా పింక్‌నీ ఆ రాష్ట్ర సెనేటర్ కూడా. జెండాపై ఓటు వేయవలసిన సభ్యులు రోజూ పలకరించుకున్న మనిషి శవపేటికలో ఉన్నాడు. 2014 ఎన్నికల చర్చలో ఇదే జెండా ప్రస్తావన వచ్చినప్పుడు, ఒక్క కంపెనీ అధినేత కూడా తనతో దాని గురించి మాట్లాడలేదని హేలీ తేలికగా తోసిపుచ్చారు. కాబట్టి 2015నాటి ధైర్యాన్ని ఆమె స్వభావంలో వెతకడం కంటే, మాట్లాడితే నష్టంలేని కొద్ది వారాలు అప్పుడు దొరికాయనుకోవడం సరైనదేమో.

ఇక నిజం పలికినవారికి ఏమవుతుందని అడిగారు. 2010లో షర్లీ షెరాడ్‌కు జరిగినది కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడి చర్చలన్నీ ఎక్కడ విరిగిపోతాయో అందులో కనిపిస్తుంది.

షెరాడ్ జార్జియాకు చెందిన నల్లజాతి మహిళ. 1965లో ఆమె తండ్రిని ఒక తెల్ల రైతు కాల్చి చంపాడు. అతనిపై అభియోగం మోపడానికి కూడా గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు. దక్షిణాదిని వదిలి వెళ్లిపోవాలనుకున్న ఆ అమ్మాయి ఆ హత్య తరువాత అక్కడే ఉండి పనిచేయాలని నిర్ణయించుకుంది. 2010 నాటికి ఆవిడ కేంద్ర వ్యవసాయ శాఖలో జార్జియా గ్రామీణాభివృద్ధి విభాగానికి అధిపతి. ఆ మార్చిలో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కాఫీ కౌంటీలో జరిపిన విందులో ఆమె సుమారు 43 నిమిషాలు మాట్లాడారు. 1986లో, అంటే ప్రభుత్వోద్యోగంలోకి రాకముందు రైతు సహకార సంస్థలో పనిచేస్తున్నప్పుడు, పొలం జప్తుకు వచ్చిన ఒక తెల్ల రైతు తన దగ్గరకు వచ్చాడని, అతని మాటతీరు చూసి తన శక్తి మేరకు సాయం చేయాలనిపించలేదని, ‘అతని వాళ్లే’ చూసుకుంటారని ఒక తెల్ల లాయరు దగ్గరకు పంపానని దాపరికం లేకుండా చెప్పారు. ఆ లాయరు ఏమీ చేయకపోవడంతో తానే పూనుకొని మరో లాయరును వెతికి పొలం నిలబెట్టించారు. ఇది తెలుపు నలుపుల సంగతి మాత్రమే కాదనీ, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య సంగతి అనీ అప్పుడు తనకు అర్థమైందన్నది ఆ ప్రసంగంలోని అసలు మాట.

ఆ ఏడాది జూలై 19న మితవాద బ్లాగరు ఆండ్రూ బ్రెయిట్‌బార్ట్ తన వెబ్‌సైటులో పెట్టిన చిన్న ముక్కలో ‘సాయం చేయాలనిపించలేదు’ అన్న భాగమే ప్రధానంగా నిలిచింది. పొలాన్ని నిలబెట్టిన కథ లేదు. ఆ రోజే, ఆవిడ కారు నడుపుతుండగా, రోడ్డు పక్కన ఆపి రాజీనామా పంపమని శాఖ అధికారులు ఫోన్లు చేశారు. ఆ విందు జరిపిన సంస్థ జాతీయ నాయకత్వమే, ప్రసంగం మొత్తం చూడకుండా, ఆమెను ఖండించింది. తరువాత ఆ రైతు దంపతులు టీవీలోకి వచ్చి మా పొలాన్ని కాపాడింది ఈవిడేనని చెప్పారు. వైట్‌హౌస్ క్షమాపణ చెప్పింది, మంత్రి టామ్ విల్‌సాక్ వేరే ఉద్యోగం ఇస్తామన్నారు, ఆవిడ వద్దన్నారు.

ఇందులో బ్రెయిట్‌బార్ట్ చేసినదానికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది, చరిత్రలో మొదటి నల్లజాతి అధ్యక్షుడి ప్రభుత్వం ఆవిడ పూర్తి మాట వినడానికి ఒక్క రోజు కూడా ఆగకపోవడం. తన లోపలి పక్షపాతాన్ని తానే పేరుపెట్టి చెప్పి, దాన్ని ఎలా దాటిందో చెప్పిన మనిషికి దక్కినది అది. అదంతా చూసిన ఏ నాయకుడు మళ్లీ అలా మాట్లాడతాడు?

వినేవారి చెవుల సంగతి కూడా ఒకటుంది. 1948లో స్ట్రామ్ థర్మండ్ జాతులను వేరుగా ఉంచాలని బాహాటంగా చెప్పి అధ్యక్ష పదవికి పోటీచేసి నాలుగు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు. 1964, 1965 నాటి పౌరహక్కుల, ఓటుహక్కు చట్టాల తరువాత అలా మాట్లాడటం నష్టంగా మారి, అదే భావం శాంతిభద్రతలు, బడుల్లో జాతులను కలపడానికి బస్సుల్లో పిల్లల తరలింపు, పన్నుల కోత అనే పేర్లతో రావడం మొదలైంది. ఆ మార్పు ఎలా జరిగిందో రిపబ్లికన్ వ్యూహకర్త లీ ఆట్‌వాటర్ 1981లో ఒక ఇంటర్వ్యూలో స్వయంగా వివరించాడు. మాట కింద మరో మాట ఉంటుందని ఇన్నేళ్లు నేర్చుకున్న జనం, ఎవరైనా సూటిగా మాట్లాడినా దాని కింద తవ్వే చూస్తారు. 2002లో థర్మండ్ నూరవ పుట్టినరోజున ఆయన ఆనాడే గెలిచి ఉంటే ఈ చిక్కులన్నీ ఉండేవి కావన్న ధోరణిలో పొగిడిన ట్రెంట్ లాట్ సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకత్వం పోగొట్టుకున్నాడు. అక్కడ తవ్వవలసిన అవసరం కూడా లేకపోయింది.

అట్లాంటా నివాసి

పాత పత్రిక గారు చెప్పిన ఉదాహరణతో ఏకీభవిస్తాను గానీ, మాట దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుందని నా అనుమానం. అమెరికాలో ఈ చర్చకు కొరతేమీ లేదు, ప్రభుత్వమే పిలిచి పెట్టిన చర్చలూ ఉన్నాయి. 1997లో అధ్యక్షుడు క్లింటన్, చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అధ్యక్షతన ఏడుగురితో సలహా మండలి వేసి దేశమంతా సభలు జరిపించాడు. నివేదిక 1998 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి దేశం చూపంతా వైట్‌హౌస్ శిక్షణ ఉద్యోగినితో క్లింటన్ సంబంధం బయటపడిన లెవిన్‌స్కీ వ్యవహారం మీద ఉంది. ఒబామా అయితే 2009 జూలైలో ఆరోగ్య బీమా గురించి పెట్టిన విలేకరుల సమావేశం చివరన, హార్వర్డ్ ఆచార్యుడు హెన్రీ లూయిస్ గేట్స్‌ను సొంత ఇంటి దగ్గరే అరెస్టు చేసిన పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారని ఒక్క మాట అన్నాడు. బీమా సంగతి ఎవరికీ గుర్తులేదు. వారం తరువాత ఆచార్యుణ్ణీ, పోలీసు అధికారినీ వైట్‌హౌస్‌కు పిలిచి బీరు తాగించవలసి వచ్చింది. 2013లో, నిరాయుధుడైన నల్లజాతి కుర్రాడు ట్రేవాన్ మార్టిన్‌ను కాల్చి చంపినవాడు నిర్దోషి అని తీర్పు వచ్చాక, ముప్ఫై అయిదేళ్ల క్రితం ఆ పిల్లవాడి స్థానంలో తాను ఉండవచ్చునని చెబుతూనే, రాజకీయ నాయకులు ఏర్పాటుచేసే చర్చల వల్ల ఫలితం తాను చూడలేదని, కుటుంబాల్లో, చర్చిల్లో, పనిచేసేచోట్ల జనం కాస్త నిజాయితీగా మాట్లాడతారని ఆయనే అన్నాడు.

ఈ చర్చలన్నీ ‘నీ మనసులో ఏముంది’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. దానికి ఎవరైనా ‘నేను మంచివాణ్ణే’ అంటారు. వేరే ప్రశ్న అడిగిన నివేదిక ఒకటుంది. 1967లో జాతి అల్లర్లతో నగరాలు తగలబడినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో, నల్లజాతి వాడలను తెల్లవారి సంస్థలే సృష్టించాయనీ, అవే నిలబెడుతున్నాయనీ, తెల్ల సమాజం దాన్ని సహిస్తోందనీ రాసింది. రాసినవారు తీవ్రవాదులు కారు. గవర్నరు, సెనేటర్లు, ఒక పోలీసు అధిపతి వంటివారు. పౌరహక్కుల చట్టాలపై సంతకాలు పెట్టిన జాన్సనే ఆ నివేదికను పక్కన పెట్టేశాడు. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం మాత్రం ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు వచ్చింది. మాస్టారు అడిగిన చార్ల్‌స్టన్ సంగతితో పోల్చి చూడండి.

మా ఊరి ముచ్చట ఒకటి చెప్పి ఆపుతాను. ‘ద్వేషించడానికి తీరిక లేనంత పనిలో ఉన్న నగరం’ అని అట్లాంటా తన గురించి తాను చెప్పుకునేది. ఆ రోజుల్లోనే, 1962 డిసెంబరులో, నల్లజాతీయులు ఇళ్లు కొనకుండా ఆపడానికి పేటన్ రోడ్డు మీద నగరపాలక సంస్థ అడ్డుగోడలు పెట్టింది. కొన్ని నెలలకు కోర్టు తీయించింది. ఆ రోడ్డు మీదుగా వెళ్లినప్పుడల్లా, నాయకుల మనసులో ఏముందో తెలుసుకోవడం కంటే ఆ గోడల తీర్మానానికి ఎవరు ఓటేశారో తెలుసుకోవడం తేలిక కదా అనిపిస్తుంది. మనం మాత్రం కష్టమైన ప్రశ్ననే పదేపదే అడుగుతాం.

సందేహి

పైవారి జవాబుల్లో నాకొక ఒంటిచూపు కనిపిస్తోంది, మర్యాదగానే చెబుతున్నాను. నిజాయితీగా మాట్లాడటమంటే చాలాసార్లు ‘నేను ఎదురుచూస్తున్న మాట చెప్పడం’ అని అర్థమవుతోంది. సౌత్ కరోలినాకే చెందిన నల్లజాతి రిపబ్లికన్ సెనేటర్ టిమ్ స్కాట్ 2016 జూలైలో సెనేట్‌లో నిలబడి, ప్రజాప్రతినిధిగా ఉండగానే ఒకే ఏడాదిలో ఏడుసార్లు పోలీసులు తన కారు ఆపారని చెప్పాడు. సొంత పార్టీ వినడానికి ఇష్టపడని సంగతి అది. అదే మనిషి 2021 ఏప్రిల్‌లో బైడెన్ ప్రసంగానికి సమాధానమిస్తూ, అమెరికా జాత్యహంకార దేశం కాదని అన్నప్పుడు, ఇంతకుముందు మెచ్చుకున్నవాళ్లలో చాలామంది అతణ్ణి అమ్ముడుపోయినవాడిగా చూశారు. విచిత్రమేమిటంటే, అమెరికా జాత్యహంకార దేశమని తానూ అనుకోవడం లేదనీ, అయితే చరిత్ర గురించి నిజం మాట్లాడుకోవాలనీ మర్నాడు కమలా హారిస్ కూడా అన్నారు. ఒకే వాక్యం ఎవరి నోట వచ్చిందన్నదాన్ని బట్టి నిజమో అబద్ధమో అవుతుంటే, ఎవరూ వాక్యాన్ని వినడం లేదన్నమాట.

స్కాట్ చెప్పిన రెండు మాటలూ నిజమే అయ్యే వీలుందని ఒప్పుకోగలవారు ఆ దేశంలో ఎంతమంది ఉన్నారన్నదే నా సందేహం.

న్యూజెర్సీ నాగలి

సందేహి గారి మాటలో న్యాయముంది. అయితే ఈ చర్చలో మనవాళ్లం గట్టు మీద కూర్చున్న ప్రేక్షకులమన్నట్టుగా అందరూ రాస్తున్నారు. 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని స్వేచ్ఛగల తెల్లవారికే పరిమితం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు సుప్రీంకోర్టులో ఆ చట్టాన్ని తప్పు పట్టలేదు. తాను అగ్రకులానికి చెందిన ఆర్యుణ్ణనీ, అందుచేత తెల్లవాణ్ణేననీ వాదించాడు. కులం కట్టుబాట్లను కూడా రక్తశుద్ధికి సాక్ష్యంగా చూపించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ తరువాత అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయులకు కూడా అది రద్దవుతూ వచ్చింది. వివక్ష గీసిన గీతను చెరపమని అడగడానికి బదులు, గీతకు ఆవలివైపు తనను నిలబెట్టమని మనవాడు అడిగిన తొలి పెద్ద సందర్భం అది. మన తరానికి తలుపు తెరిచిన 1965 వలస చట్టం వచ్చింది నల్లజాతీయులు దెబ్బలు తిని నడిపిన ఉద్యమం ఊపులోనే.

ఇక్కడ మన విందుల్లో నల్లజాతీయులను పిలిచే పేర్లు నేను ఈ పేజీలో రాయలేను. ఏ ప్రాంతంలో ఇల్లు కొనాలో చెప్పేటప్పుడు ‘అక్కడ జనం మంచివాళ్లు కారు’ అంటాం. ఆట్‌వాటర్ వివరించిన విద్య మనకూ బాగానే పట్టుబడింది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు మాత్రం కొన్నాళ్లు మనం జాతివివక్ష గురించి గట్టిగా మాట్లాడాం. ఆ కొన్నాళ్లలో మా సంఘం సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ఇన్నేళ్లూ మనమూ ఇలాగే కదా మాట్లాడుకున్నాం అన్నారు. ఎవరో వెంటనే మైకు తీసుకొని భోజనాలు సిద్ధమయ్యాయని ప్రకటించారు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నాగలి గారి భోజనాల ముక్క దగ్గర కాసేపు చదవడం ఆపేశాను. హేలీగారి ‘తరువాతి ప్రశ్న’ నాకు అదే గొంతుతో వినిపించింది. నివాసి గారితో ఒక చిన్న విభేదం: గోడకు ఎవరు ఓటేశారో చెప్పే పత్రం దొరికితే చాలనుకోవద్దు, సౌత్ కరోలినా పత్రం 1860 నుంచీ అందరి కళ్లముందే ఉంది. మా మనవరాలు జార్జియాలో పదో తరగతి. వచ్చే ఆదివారం ఫోనులో షెరాడ్‌గారి 43 నిమిషాలూ ఇద్దరం కలిసి వినాలనుకుంటున్నాం. కాఫీ కౌంటీ వాళ్ల ఊరికి ఎంత దూరమో కూడా దాన్నే చూసి చెప్పమన్నాను.