ఏజెన్సీ ఊళ్లో ఇంటికి శాటిలైట్ నెట్: ఆగి తీసుకోవాలా, ఫైబర్ కోసమే పట్టుబట్టాలా?

కాఫీతోట (డిసెంబర్ 2025)
మాది పాడేరు డివిజన్, జి.మాడుగుల దాటి లోపలికి వెళ్లాలి. అమ్మానాన్న అక్కడే ఉంటారు. కాఫీ, మిరియాలు. నేను విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నకు మోకాళ్లు పట్టేశాయి, తోటలో తిరగలేకపోతున్నారు. ఇంటి నుంచి పని చేసుకోవడానికి మేనేజర్ ఒప్పుకున్నాడు, నెట్ ఆగకూడదన్నది ఒక్కటే షరతు. ఊళ్లో ఫోన్ సిగ్నల్ గేటు దగ్గర ఒక గీత, ఇంట్లోకి అడుగుపెడితే అదీ లేదు. ఫైబర్ మండల కేంద్రంలో ఆగిపోయింది. శాటిలైట్ నెట్ ఇచ్చే అమెరికా కంపెనీ స్టార్‌లింక్‌కు జూన్‌లో లైసెన్స్, జులైలో ఇన్-స్పేస్ (మన అంతరిక్ష సేవలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి వచ్చాయి కానీ అమ్మకాలు ఇంకా మొదలుపెట్టలేదు. ఈ నెల 8న వాళ్ల సైట్‌లో నెలకు 8,600, సామానుకు 34,000 అని కనపడింది. తర్వాత అది టెస్ట్ డేటా, అసలు రేటు కాదన్నారు. దీని కోసం ఆగితే మంచిదేనా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పోలుకు పోలు
నేను కేబుల్ ఆపరేటర్‌ని. అనకాపల్లి వైపు పల్లెల్లో ఏళ్లుగా లైన్లు లాగుతున్నాను, అందుకే చెప్తున్నా, వద్దు. ఇంటి మీద డీటీహెచ్ గొడుగు ఉందా? మబ్బు పట్టగానే ఏమవుతుందో చూశారుగా. ఇది కూడా ఆకాశం నుంచే రావాలి. మీ కొండల్లో జూన్ నుంచి నవంబర్ దాకా వానే. మీటింగ్ మధ్యలో వాన పడితే మేనేజర్‌కు ఏం చెప్తారు? ఫైబర్‌కు వానతో పని లేదు. ఇంట్లో ఫైబర్ తీగకు తగిలించే ఓఎన్‌యూ బాక్స్‌కు పది వాట్ల కరెంటు చాలు, చిన్న బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది. స్టార్‌లింక్ డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది. మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో మీకే తెలుసు.

ఓజార్క్ కొండలు
మేము అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో, టౌన్‌కు దూరంగా ఉంటాం. మా ఇంటికి స్టార్‌లింక్ తప్ప గతి లేదు. మా ఆయన హాస్పిటల్ రిపోర్టులు, నా ఆఫీసు కాల్స్, పిల్లల క్లాసులు అన్నీ దాని మీదే. మామూలు వానకు ఏమీ కాదు. ఉరుములతో నల్ల మబ్బు నెత్తిమీదికి వస్తే కాసేపు పోయి తిరిగి వస్తుంది. చెట్ల వల్లే అసలు ఇబ్బంది. ఆకాశం విశాలంగా కనపడాలి. ఒక్క కొమ్మ అడ్డొచ్చినా ఉపగ్రహం ఆ కొమ్మ వెనక్కి వెళ్లినప్పుడల్లా వీడియో బిగుసుకుపోతుంది.

పోలుకు పోలు
చూశారా? వాడుతున్నవాళ్లే వానకు పోతుందంటున్నారు.

ఓజార్క్ కొండలు
ఉరుముల వానకు, కాసేపు అన్నాను. పూర్తిగా చదవండి.

కాఫీతోట
డీటీహెచ్‌తో పోలిక సరిపోదు సార్. డీటీహెచ్ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట ఉంటుంది. గొడుగు ఆ ఒక్క దిక్కుకే చూడాలి, అక్కడ మబ్బు పడితే అంతే. స్టార్‌లింక్‌వి దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, ఒకటి పోతే డిష్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. పైనున్న పాత రకంతో మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే. దీనికి అందులో పదో వంతు కూడా పట్టదు. వీడియో కాల్‌కు కావలసింది అదే. కరెంటు విషయానికి వస్తే మినీ మోడల్ 25 నుంచి 40 వాట్లే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

సీలేరు
దుబాయ్ నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు ఒక డిష్ తెప్పించుకుంటే సరిపోదా?

బడి గంట
దయచేసి ఆ పని చేయొద్దు. అనుమతి లేని పరికరం వాడితే కేసు అవుతుంది. 2024 డిసెంబర్‌లో మణిపుర్‌లో ఆయుధాలతో పాటు ఇలాంటి పరికరం దొరికితే దేశమంతా వార్త అయింది. మన ఏజెన్సీలో మిద్దె మీద అది కనపడితే ముందు వచ్చేది పోలీసులే. పైగా ఇక్కడ సర్వీసు తెరవకుండా అది పని చేయదు.

పల్నాడు పొగాకు
మన గుంటూరు ఎంపీ, కేంద్ర మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారు జులైలోనే చెప్పారు, దేశం మొత్తానికి స్టార్‌లింక్ కనెక్షన్లు 20 లక్షలకు మించవని. వేగం 200 ఎంబీపీఎస్ దాకా. క్యూలో నిలబడేవాళ్లు ఎంతమందో ఊహించుకోండి.

పోలుకు పోలు
ఇంకోటి. జులై 24న స్టార్‌లింక్ ప్రపంచమంతా రెండున్నర గంటలు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ లోపం. మా లైను తెగితే మా ఊరే ఆగుతుంది, నేను వెళ్లి అతికిస్తాను. పైన తెగితే ఎవరికి ఫోన్ చేస్తారు? వాన సంగతికి మీరు జవాబు చెప్పలేదు. చింతపల్లి, జి.మాడుగుల వానలు మిస్సోరీలో ఉండవు.

కాఫీతోట
వాన, వాన అని పదేపదే అంటున్నారు. తుపాను మాట ఎందుకు ఎత్తరు? 2014లో హుద్‌హుద్‌కు విశాఖలో స్తంభాలు నేలకొరిగాయి. 2018లో తిత్లీకి ఉద్దానంలో అదే కథ. ఈ అక్టోబర్‌లో మొంథా. స్తంభం పడితే దాని మీద తీగ కూడా పడుతుంది. డిష్ మా మిద్దె మీద ఉంటుంది, మధ్యలో స్తంభాలు లేవు.

ములుగు అక్క
మా ఏటూరునాగారం వైపు కూడా ఇదే బాధ. మా చెల్లెలు ఆశా వర్కర్. ఫొటో పంపాలంటే గుట్ట ఎక్కుతది. మీరు వాన గురించి కొట్లాడుతున్నరు, మాకు ఎండకాలంలో కూడా లేదు.

బడి గంట
అక్క చెప్పిందే అసలు సంగతి. నేను ఏజెన్సీలో టీచర్‌ని. హాజరు యాప్‌లో ముఖం పడాలి, బడి దగ్గర సిగ్నల్ ఉండదు. రేషన్ డీలర్ ఈ-పోస్ మిషన్ సంచిలో పెట్టుకుని మలుపు దగ్గరికి వస్తాడు, ముసలివాళ్లు అక్కడికి నడిచి వెళ్లి వేలిముద్ర వేసి, బియ్యం కోసం మళ్లీ వెనక్కి రావాలి. ఉపాధి పనిలో మేట్లు రోజుకు రెండుసార్లు ఫొటోలు ఎక్కించాలి. మీరిద్దరూ మీటింగ్ ఆగుతుందా లేదా అని వాదించుకుంటున్నారు. ఆ మలుపు దగ్గర నిలబడ్డ అవ్వ ఈ లెక్కలో ఎక్కడుంది?

పోలుకు పోలు
మాస్టారూ, నేనూ అదే చెప్తున్నా. ఫైబర్ వస్తే అందరికీ వస్తుంది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే ఫోను, టీవీ, నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదే తీగ, కొత్తగా గొయ్యి తవ్వే పని లేదు. 2023లో కేంద్రం పల్లెలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకానికి లక్షా 39 వేల కోట్లు మంజూరు చేసింది. దారి వేసి ఉంది. దాన్ని పూర్తి చేయమని అడగాలి కానీ ఆకాశం వైపు చూడటమేంటి?

కాఫీతోట
దారి వేసి ఉందా? అయితే మా అనుభవం వినండి. మా పెదనాన్న వాళ్ల ఊరు రోడ్డు పక్కనే. అక్కడ ఒక ఆపరేటర్ అడ్వాన్సు తీసుకుని లైను ఇచ్చాడు. లారీ తగిలి తీగ తెగింది. బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఫోన్ చేస్తే రేపు, మళ్లీ రేపు. చివరికి ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఆ ఎర్ర లైటు చూస్తూనే మా అన్నయ్య కూతురు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకోలేక, సీటు పోగొట్టుకుని ఏడ్చింది. అడ్వాన్సు ఈ రోజుకీ తిరిగి రాలేదు. ఇదీ మీ ఫైబర్. మీ ఆపరేటర్లు ఊళ్లను దోచుకుంటున్నారు.

పోలుకు పోలు
మాట జారకండి. ఎవడో ఒకడు చేసిన దానికి నన్ను దొంగ అంటారా? తీగ తెగితే అతకడం ఎలాగో మీకు తెలుసా? ఎక్కడ తెగిందో లేజర్ పెన్ను పెట్టి పోలు పోలు వెతకాలి. స్ప్లైసింగ్ మిషన్ వీపున కట్టుకుని బైకు మీద వెళ్లాలి. వానలో గొడుగు కింద కూర్చుని, వెంట్రుకంత గాజు తీగను దుమ్ము పడకుండా కోసి అతకాలి. రోడ్డు వెడల్పు చేసేవాడు తెంపుతాడు, కరెంటువాళ్లు స్తంభం మారుస్తూ తెంపుతారు, కోతులు లాగుతాయి. ప్రతిసారీ ఖర్చు నాదే. నెలకు 300 రూపాయలు అడిగితే ఈ నెల నెట్ రెండు రోజులు రాలేదని 200 చేతిలో పెడతారు. మొంథా తర్వాత మా కుర్రాళ్లు తిండి లేకుండా స్తంభాలు ఎక్కారు. మీరు విశాఖలో ఏసీలో కూర్చుని దోచుకుంటున్నారు అని టైప్ చేస్తారు.

సీలేరు
ఇద్దరూ కొంచెం తగ్గండి.

కాఫీతోట
మిమ్మల్ని అనలేదు. కానీ మీ లైను మా ఊరికి ఎందుకు రాలేదో చెప్పండి. అర్జీలు ఇచ్చాం. సర్పంచ్ గారు సంతకం పెట్టారు. ఎన్ని ప్రభుత్వాలు మారాయి? ఎందుకు రాలేదు?

పోలుకు పోలు
చెప్తాను, వినండి. మండల కేంద్రం నుంచి మీ ఊరికి తీగ లాగాలంటే కేబుల్, క్లాంపులు, కూలీలు, అడవిలో అనుమతులు. ఆ చివర ప్రతి నెలా డబ్బు కట్టే ఇళ్లు ఎన్ని? మీ ఇల్లు, టీచరు ఇల్లు, దుకాణం, కాఫీ కొనే షావుకారు. నాలుగో ఐదో. ఆ నాలుగిళ్లు ఖాయమంటే ఎవడో ఒక ఆపరేటర్ ధైర్యం చేస్తాడు. తర్వాత మిగతా ఊరు నెమ్మదిగా చేరుతుంది. నేను అలాగే ఊళ్లు కలిపాను. ఇప్పుడు ఆ నాలుగిళ్లూ నెలకు వేలు పోసి డిష్ పెట్టుకుంటే? తీగ ఎవరికోసం లాగాలి? వాన గురించి కాదు నా కోపం. డబ్బున్న ఇల్లు ముందే బయటపడితే ఆ ఊరికి ఇక ఎప్పటికీ లైను రాదు. గట్టిగా అడిగే గొంతు కూడా మీదే కదా. మీ ఇంట్లో నెట్ వచ్చాక ఆ అర్జీ పట్టుకుని మీరు తిరుగుతారా?

బడి గంట
ఇంతసేపటికి అసలు మాట బయటికి వచ్చింది. ఆయన చెప్పింది నిజం. మా ఊళ్లో రోడ్డు విషయంలో ఇదే జరిగింది. సొంత జీపులు ఉన్నవాళ్లు అడగడం మానేశారు, డోలీ మోసేవాళ్లు మోస్తూనే ఉన్నారు.

కాఫీతోట
మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ ఊరు ఎప్పుడో బాగుపడుతుందని మా నాన్న మోకాళ్లు ఆగవు. నేను డబ్బున్నవాణ్ణి కాదు, జీతం వచ్చేవాణ్ణి. నేను తిరిగి రాకపోతే తోట పోతుంది. ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లంతా ఇలాగే కిందికి దిగి మళ్లీ ఎక్కలేదు. నేను విశాఖలోనే ఉండిపోతే ఆ అర్జీ ఎవరు పట్టుకుంటారు? ఊళ్లో లేని నా గొంతు మీకు ఎందుకు పనికొస్తుంది?

ములుగు అక్క
ఇదైతే కరెక్టే తమ్మీ. ముందు మనిషి ఇంటికి రావాలె.

పోలుకు పోలు
వస్తే సంతోషమే. వచ్చి తలుపు వేసుకుంటే?

బడి గంట
ఒక దారి ఉంది. ఈ నవంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం స్టార్‌లింక్‌తో ఒప్పందం చేసుకుంది. గడ్చిరోలి, నందుర్బార్ లాంటి జిల్లాల్లో బడులు, ఆసుపత్రులకు ఇవ్వాలని. గడ్చిరోలి మన తెలంగాణకు ఆనుకునే ఉంది. అక్కడ అడగగలిగింది ఇక్కడ ఎందుకు అడగకూడదు? డిష్ గ్రామ సచివాలయం మీదో బడి మీదో పెట్టాలి. శాటిలైట్ నెట్ ఇచ్చే ఇంకో కంపెనీ వన్‌వెబ్ ఉపగ్రహాలు 72 మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి, 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో, 36 చొప్పున. వాళ్లు అమ్మేది ఇళ్లకు కాదు, సంస్థలకు. పంచాయతీ కూడా సంస్థే కదా.

సీలేరు
ఒక ఇంటి డిష్ నుంచే వైఫై చుట్టుపక్కల ఇళ్లకు ఇచ్చి తలా కొంత వేసుకుంటే?

పోలుకు పోలు
ఇంటి ప్లాన్ తీసుకుని ఊరికి అమ్మడం కుదరదు. పీఎం-వాణి అని 2020లో పథకం తెచ్చారు, కిరాణా దుకాణం కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వొచ్చు. కానీ వెనకాల లైను ఇచ్చే కంపెనీ దానికి ఒప్పుకోవాలి. డిష్ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో రేటు వచ్చాక చూడాలి.

ఓజార్క్ కొండలు
కాఫీతోట గారూ, ఒక్క మాట. కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ వేస్తారు కదా. మీ ఇంటి చుట్టూ అవి ఉంటే ముందు మిద్దె ఎక్కి చూడండి. ఆకాశం చాలకపోతే ఈ వాదన అంతా వృథా.

కాఫీతోట
ఉన్నాయండి. ఇంటికి ఉత్తరాన వరుసగా ఉన్నాయి, మిద్దె కంటే బాగా ఎత్తు. వాటి మీద మిరియం తీగ ఉంది. కొట్టేస్తే మా అమ్మ ఊరుకోదు, ఆ మిరియాల డబ్బు ఆవిడదే. కల్లం పక్కన ఖాళీ స్థలం ఉంది, అక్కడ ఇనుప పైపు పాతి పెట్టాలనుకుంటున్నా. ఇంటి దాకా కేబుల్ లాగాలి.

పోలుకు పోలు
కల్లం దగ్గర కోతులు ఉంటాయి. కేబుల్ పైపులోంచి తీయండి. పిడుగులకు ఎర్తింగ్ మర్చిపోవద్దు. నేను ఇప్పటికీ వద్దనే అంటున్నా. మీ ఊరికి కరెంటు లైను ఏ వైపు నుంచి వస్తుంది? రోడ్డు వెంటా, అడవి మీదుగానా?

కాఫీతోట
సగం దూరం రోడ్డు వెంట. తర్వాత గెడ్డ దాటి అడవిలోంచి.

పోలుకు పోలు
గెడ్డ దగ్గర స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం ఎంత? అక్కడ వేలాడే తీగకు వేరే కేబుల్ వాడాలి. దాని మీదే ఖర్చు తేలుతుంది. పాడేరు వైపు నాకు తెలిసిన ఆపరేటర్ ఒకతను ఉన్నాడు, అడిగి చూస్తాను. ఆ నాలుగు ఇళ్ల నుంచి సంతకాలు కావాలి, ఏడాది పాటు కడతామని. మీది మొదటిది ఉండాలి.

కాఫీతోట
సంక్రాంతికి ఊరు వెళ్తున్నాను, గెడ్డ దగ్గర కొలిచి ఫొటోలు పెడతాను. సంతకం పెడతాను, మిగతా ముగ్గురినీ అడుగుతాను. అమ్మకాలు మొదలవగానే డిష్ బుక్ చేస్తానన్నది కూడా ఇప్పుడే చెప్తున్నా. రెండింటికీ కడతాను.

పోలుకు పోలు
రెండింటికీ ఏడాది కట్టాక మాట్లాడదాం.

బడి గంట
ఆ కాగితంలో బడి పేరు కూడా రాయండి. హెడ్మాస్టర్ గారితో నేను మాట్లాడతాను.